క్లచ్ లేని లారీ

మే నెల రెండో వారంలో ఒక పొద్దున మా వంటింటి బల్ల చుట్టూ ముగ్గురం కూర్చున్నాం. మాట్లాడుకుంటున్నది ఇద్దరే, నా భర్త నార్బర్ట్, అతని తమ్ముడు లైనస్. వాళ్ళు మాట్లాడుకుంటున్నది నా కాలి గురించి. కాలు అనే మాట మాత్రం ఇద్దరిలో ఒక్కరి నోటా రాలేదు.

"నా షెడ్డులో పికప్‌ది గేర్‌బాక్సు ఒకటి పడుంది అన్నా. మూడు గేర్ల ఆటోమేటిక్. అది తగిలించేస్తే ఒక్క రోజులో పనైపోతుంది," అన్నాడు లైనస్.

"ఎనిమిది టన్నుల గోధుమలు లాగాలిరా అది. ఎండలో రెండు ట్రిప్పులు తిరిగేసరికి మాడి మసైపోతుంది."

"మరేం పెడతావ్?"

"స్కూలు బస్సుది. ఎర్విన్ తుక్కు యార్డులో రెండు పాత బస్సులున్నాయి. ఇంజను మన లారీదీ వాటిదీ ఒకటే. బోల్టులు సరిగ్గా కూర్చుంటాయి."

"దాంట్లో పార్కు గేరు ఉండదంటారు కదా? ఆపాక దొర్లిపోతే?"

"చేతిబ్రేకు ఉంటుంది. ఆమెకి అది చాలు."

ఆమెకి చాలట. ఆ ఆమె మూడడుగుల దూరంలో కూర్చుని వాళ్ళ కప్పుల్లో కాఫీ పోస్తోంది.

పంతొమ్మిదో ఏట నుంచి ప్రతి జూన్‌లోనూ ఆ లారీ నేనే నడిపాను. పడమటి కాన్సాస్‌లో గోధుమ కోత పది రోజులు, మహా అయితే పన్నెండు. నార్బర్ట్ కోత మిషను మీద, నేను లారీలో. పొలం నుంచి కోఆపరేటివ్ గోదాముకి, గోదాము నుంచి పొలానికి. మిగిలిన ఏడాదంతా నేను ఇంటిదాన్ని, చర్చిలో పండ్లు కూరిన పైలు అమ్మేదాన్ని, ఒకరి పెళ్ళాన్ని. ఆ పది రోజులు మాత్రం నేను లేకపోతే పంట చేలోనే ఉంటుంది. కారు నడపడానికి నాకు ఇప్పటికీ ఇబ్బంది లేదు, అది మామూలు ఆటోమేటిక్కే. కానీ లారీకి క్లచ్ ఉంది. ఎడమ మోకాలి కింద నాకు అరజానెడు మాత్రమే మిగిలింది, ఆ కిందది ఆస్పత్రి వాళ్ళు ఇచ్చిన ప్లాస్టిక్కు. క్లచ్ ఎంత లోతుకి తొక్కానో దానికి తెలియదు.

"తొట్టి ఎలా లేస్తుంది?" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"పాత గేర్‌బాక్సు పక్కన ఉన్న చక్రమే కదా తొట్టి లేపే పంపుని తిప్పేది? బస్సుదానికి ఆ కంతే ఉండదు. బస్సులు దేన్నీ ఒంపవు. గోదాము దగ్గర ఎనిమిది టన్నులు పారతో తోడతారా?"

లైనస్ నవ్వాడు. "వదిన పట్టేసింది రోయ్!"

నార్బర్ట్ నవ్వలేదు. కప్పు కింద తడి వలయాన్ని బొటనవేలితో తుడిచాడు. "చూద్దాంలే," అన్నాడు.

"ఇంజను ముందు బెల్టు పెట్టి దాంతో ఒక పంపు తిప్పుకోవచ్చు. చెత్త లారీలకి అలాగే ఉంటుంది."

"చూద్దామన్నాను కదా, ఆల్వీనా."

నాలుగు రోజుల తర్వాత లైనస్ భార్య ఫోన్ చేసి, పంపు సంగతి నార్బర్ట్‌కి భలే తట్టిందని గోదాము కాఫీ బల్ల దగ్గర అందరూ మెచ్చుకుంటున్నారని చెప్పింది. ఫోన్ పెట్టేశాక రిసీవర్ మీద చెయ్యి తీయకుండా చాలాసేపు నిలబడ్డాను. కోపం నాకు ఎప్పుడూ ముందు చేతుల్లోకి వస్తుంది, తర్వాతే తలకెక్కుతుంది. ఆ మధ్యలో ఉన్న కాసేపట్లో నేను ఏ పనైనా చెయ్యగలను. ఆ సంగతి నాకు చిన్నప్పటి నుంచి తెలుసు.

కాలు పోయింది ఫిబ్రవరిలో. దాణా బండిని ట్రాక్టరుకి తగిలిస్తున్నాం. మా వైపు పద్ధతి ఒకటే. కొక్కెం దగ్గర ఉన్న మనిషి చెయ్యి పైకెత్తేదాకా ట్రాక్టరు మీద ఉన్నవాడు క్లచ్ వదలడు. పదేళ్ళ పిల్లలకి కూడా తెలుసు. నేను చెయ్యి ఎత్తలేదు. రెండు చేతులూ బండి కాడి మీదే ఉన్నాయి. నార్బర్ట్ రోడ్డు మీద వెళ్ళే ఎవరి పికప్‌నో చూస్తూ క్లచ్ వదిలేశాడు. ట్రాక్టరు కదిలింది, బండి కింద నా కాలు నలిగింది.

ఆస్పత్రిలో మూడో రోజున ఆ కాఫీ బల్ల మనిషి ఒకాయన పువ్వులు పట్టుకుని వచ్చాడు. మంచివాడు. మంచం అంచున కూర్చుని, "ఇంకోసారి కాలు వెనక్కి తీశాకే చెయ్యి ఎత్తాలమ్మా," అన్నాడు. నేను నార్బర్ట్ వైపు చూశాను. అతను కిటికీ దగ్గర నిలబడి కార్లు ఆపే స్థలాన్ని చూస్తున్నాడు. తిరగలేదు. అతనే చెబుతాడని ఆ క్షణం, తర్వాత ఆ రాత్రి, తర్వాత ఆ నెలంతా ఎదురుచూశాను. అతను వంటింట్లో గోడకి పట్టుకునే కడ్డీలు బిగించాడు. స్నానాల గదిలో బల్ల కట్టాడు. మెట్ల పక్కన వాలు కట్టాడు. ఏ పని అయినా చేస్తాడు. ఆ ఒక్క వాక్యం తప్ప.

ఇప్పుడు గేర్‌బాక్సు.

*

ఎర్విన్ గాబెల్ యార్డుకి నేనూ వెళ్ళాను. రానవసరం లేదన్నాడు నార్బర్ట్. వెళ్ళి లారీలో కూర్చున్నాను.

ఎర్విన్‌కి డెబ్బై దాటాయి. ఇరవై ఏళ్ళు స్కూలు బస్సులు బాగుచేసి, ఆ పాత బస్సుల్నే కొనుక్కుని యార్డు పెట్టుకున్నాడు. బస్సు కింద నుంచి తీసిన గేర్‌బాక్సుని చెక్క దిమ్మల మీద పడుకోబెట్టి ఉంచాడు. పక్కనే కన్వర్టర్. పెద్ద గుమ్మడికాయంత ఇనప డబ్బా అది. క్లచ్ చేసే పని దాని లోపల నూనె చేస్తుంది.

నార్బర్ట్, లైనస్ గొలుసులు తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు ఎర్విన్ నా దగ్గరికి వచ్చాడు. నూనె మరకల పుస్తకం ఒకటి చేతికిచ్చాడు.

"ఇది నీకమ్మా. మీ ఆయన చదవడు. నాకు తెలుసు వాడి సంగతి."

"నేను చదివినా వాళ్ళు వినరు."

"ఒక్కటి గుర్తుంచుకో. ఈ డబ్బా గేర్‌బాక్సు లోపలికి మూడు మెట్లు దిగాలి. నెడుతూ తిప్పాలి, తిప్పుతూ నెట్టాలి. టక్. మళ్ళీ టక్. మళ్ళీ ఇంకో టక్. మూడోది దాని నూనె పంపులో కూర్చున్నట్టు. రెండింటికే దిగిపోయిందనుకుని ఇంజనుకి పెట్టి బోల్టులు బిగించావా, పంపు పగిలి చస్తుంది. సందు చేత్తో నెడితే మూసుకోవాలి. బోల్టుతో లాగావంటే దాన్ని చంపినట్టే."

"వాళ్ళకి చెప్పారా?"

"చెప్పాను. 'మాకు తెలీదా ముసలోడా' అన్నాడు మీ మరిది." ఎర్విన్ పళ్ళు లేని పక్కన నవ్వాడు. "అది వాడి నోరు కదా, గేర్‌బాక్సు కాదు. ఎలా తిరిగినా పగలదు."

రెండు వారాల్లో ఆ పుస్తకం మూడుసార్లు చదివాను. కాలు లేని చోట దురద పుట్టినప్పుడల్లా ఒక పేజీ. నార్బర్ట్ దాన్ని ఎత్తి దాని కింద ఉన్న వార్తాపత్రిక తీసుకుని, మళ్ళీ అక్కడే పెట్టాడు.

*

జూన్ మొదటి ఆదివారం, చర్చి నుంచి రాగానే మొదలుపెట్టారు. అప్పటికే పాత గేర్‌బాక్సు దింపేశారు. క్లచ్ పెడల్ కూడా ఊడదీసి, దాని కంతకి రేకు ముక్క కొట్టారు. పైన టార్పాలిన్ ముక్క పరిచారు. ఆ పెడల్ షెడ్డు మూలలో నేల మీద పడి ఉంది. దాని రబ్బరు నా బూటు అంచు ఆకారంలో ఒక పక్కకి అరిగిపోయి ఉంది.

నేను షెడ్డు తలుపు దగ్గర మడత కుర్చీలో కూర్చున్నాను. గాలి లేదు. పడమట ఆకాశం తెల్లగా మండుతోంది. ఇద్దరూ లారీ కింద పడుకుని ఉన్నారు, రెండు జతల బూట్లే నాకు కనిపిస్తున్నాయి.

"ఒకసారి కన్వర్టర్ సంగతి చూసుకోండి," అన్నాను. "మూడు..."

"ఆల్వీనా, ఒక పని చేసి పెడతావా?" నార్బర్ట్ గొంతు కింద నుంచి వచ్చింది. ఓపికగా. కాలు పోయినప్పటి నుంచి నాతో వాడుతున్న ఆ ఓపికతోనే. "ఊరికే కూర్చో. నీకోసమే కదా ఇదంతా."

నీకోసమే. నేను నోరు మూసుకున్నాను.

టక్.

"దిగింది," అన్నాడు లైనస్.

"ఇంకొంచెం తిప్పు."

టక్.

తర్వాత చేతులతో ఇనుము మీద రుద్దే శబ్దం. బరువుగా ఊపిరి. నేను వింటున్నాను. అంత శ్రద్ధగా నా జీవితంలో దేన్నీ వినలేదేమో. మూడోది రాలేదు.

"చాల్లే. ఎత్తు జాకీ," అన్నాడు నార్బర్ట్.

గేర్‌బాక్సు మెల్లగా పైకి లేచి ఇంజను వెనక్కి చేరింది. సందు మిగిలింది. నేను కూర్చున్న చోటి నుంచి కూడా కనిపిస్తోంది, వేలెడు వెడల్పున ఒక వెలుగు గీత.

"మూసుకోవట్లేదన్నా."

"బోల్టుతో లాగు. మెల్లగా. అటొకటి ఇటొకటి."

అప్పుడు నేను ఒక్క మాట అంటే సరిపోయేది. 'ఆగండి.' ఆ మాట నా నాలుక మీదే ఉంది, దాని బరువు కూడా తెలుస్తోంది. లారీ నాది, కోత నాది, ఆ పది రోజులూ నావి. పగిలేది నాదే. అది నాకు స్పష్టంగా తెలుసు. అయినా నాలో ఇంకెవరో ఉన్నారు, నిమ్మళంగా, దాదాపు సుఖంగా కూర్చుని, లాగనీ అంటున్నారు. అతని చేతుల్లోనే పగలనీ. ఈసారి పక్కన కొక్కెం పట్టుకుని నిలబడ్డవాళ్ళు ఎవరూ లేరు. ఎవరి మీద పెడతాడో చూద్దాం.

రెంచి తిరుగుతోంది. కిర్రు, కిర్రు. వెలుగు గీత సన్నబడింది. ఇంకా సన్నబడింది. పోయింది.

"అదీ!" అన్నాడు లైనస్. "వదినా, ఇంక చూసుకో, జూన్ పద్దెనిమిదికి కోత మొదలైతే నువ్వే రాణివి."

"ఆకలేస్తోందా?" అని అడిగాను. క్యాబేజీ, మాంసం కూరిన బన్నులు చేసి ఉంచాను. ఇద్దరూ నాలుగేసి తిన్నారు. నేను రెండు తిన్నాను. రుచిగానే ఉన్నాయి. ఆ రుచి ఇప్పుడు తలుచుకుంటే నాకు నేనంటే భయమేస్తుంది.

మంగళవారం మిగిలిన పనులన్నీ పూర్తయి, నూనె పోసి, నార్బర్ట్ తాళం తిప్పాడు. ఇంజను లేచింది. దాని వెనక నుంచి ఒక ఏడుపు, గేటులో కాలు ఇరుక్కున్న దూడ అరిచినట్టు. గేరు వేశాడు. లారీ కదల్లేదు. యాక్సిలరేటర్ ఇంకొంచెం తొక్కాడు. కింద సిమెంటు మీద ఎర్ర నూనె ముందు బొట్లుగా, తర్వాత ధారగా పడింది.

ఇంజను ఆపి, స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆ మొహం చూడాలనే కదా నేను నోరు మూసుకున్నాను. చూశాను. అందులో ఏమీ లేదు. వేడికి వడలిన యాభై ఆరేళ్ళ మనిషి, అంతే.

ఆ మొహం ఎంతోసేపు అలా ఉండలేదు. తలుపు తీసుకుని దిగాడు.

"ఎర్విన్ గాడు పగిలిన పంపు అంటగట్టాడు మనకి," అన్నాడు.

*

రెండు రోజులు విన్నాను. ఫోన్‌లో విన్నాను, బుధవారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద విన్నాను, దుకాణంలో డబ్బులు తీసుకునే పిల్ల నోట కూడా విన్నాను. ఎర్విన్ గాబెల్ కుంటిదానికి పాడైపోయిన సరుకు అంటగట్టాడట. నా కాలు నార్బర్ట్ కథకి ఎంత పనికొస్తోందో చూడండి. శుక్రవారం పొద్దున కారు తీసుకుని గోదాముకి వెళ్ళాను.

తొమ్మిదింటికి గోదాము ఆఫీసులో మగవాళ్ళు కాఫీకి కూర్చుంటారు. తోలు గిన్నెలో పాచికలు వేసి, ఓడినవాడు అందరి కాఫీకీ డబ్బులిస్తాడు. అక్కడ ఆడవాళ్ళు కూర్చోరు. అలాంటి నియమమేదీ లేదు, ఊరికే కూర్చోరు. నేను తలుపు తీసేసరికి పాచికలు బల్ల మీద దొర్లుతున్నాయి. నార్బర్ట్ ఇటు వైపు. బల్ల అవతల, కాఫీ మిషను పక్కన, టోపీ చేతిలో పట్టుకుని ఎర్విన్ నిలబడి ఉన్నాడు. అతనికి కుర్చీ ఇవ్వలేదని అర్థమైంది.

"నేను ఇచ్చేటప్పుడు చేత్తో తిప్పి చూపించాను కదా, నార్బర్ట్," అంటున్నాడు. "పంపు బాగుంది. దేవుడి మీద ఒట్టు."

"బాగున్నది బిగిస్తే పగులుతుందా?" అన్నాడు నార్బర్ట్. "తుక్కు అమ్ముకునేవాడివి నువ్వు, నీ ఒట్టెంత!"

ఎవరో చిన్నగా నవ్వారు.

"పగులుతుంది," అన్నాను.

అందరూ తిరిగారు. ఎవరో కుర్చీ జరిపారు నాకోసం. కూర్చోలేదు.

"కన్వర్టర్ మూడు మెట్లు దిగాలి. రెండే దిగింది. సందు మిగిలితే బోల్టులతో లాగారు. పంపు అప్పుడు పగిలింది. ఎర్విన్ ఇచ్చినప్పుడు బాగానే ఉంది."

"నీకెలా తెలుసు?" అన్నాడు నార్బర్ట్. గొంతు ఇంకా ఓపికగానే ఉంది.

"లెక్కపెట్టాను. తలుపు దగ్గర కూర్చుని విన్నాను. రెండు."

"విని?"

"విని ఊరుకున్నాను."

పాచికల గిన్నె పట్టుకున్నాయన దాన్ని మెల్లగా బోర్లించాడు. నార్బర్ట్ మెడ కింద నుంచి ఎరుపెక్కడం మొదలైంది.

"తెలిసీ ఊరుకున్నావా? తెలిసీ?"

"తెలిసీ. అది పగలాలని ఊరుకున్నాను. తప్పు మీ ఇద్దరిదీ, నాదీ. ఈయనది కాదు." నార్బర్ట్ వైపు తిరిగాను. "చూశావు కదా. తప్పు చేసినవాళ్ళు చెబుతారు, నార్బర్ట్. నలుగురిలో అయినా. ఇలా నిలబడి చెబుతారు. నోరు పడిపోదు."

ఫిబ్రవరిలో పువ్వులు తెచ్చిన మంచివాడు తన కప్పులోకి చూసుకున్నాడు. తర్వాత నార్బర్ట్‌ని చూశాడు. ఏదో కలుపుకుంటున్నట్టుంది మనసులో. నార్బర్ట్ లేచి టోపీ పెట్టుకుని నన్ను దాటుకుంటూ వెళ్ళిపోయాడు. భుజం తగలకుండా జాగ్రత్తగా.

ఎర్విన్ నాతో పాటు కారు దాకా వచ్చాడు. కోపంగా ఉన్నాడు, నా మీద.

"నేను చెప్పింది గుర్తుంది నీకు. గుర్తుండే ఊరుకున్నావు."

"అవును."

"మంచి పంపమ్మా అది. పదకొండేళ్ళు పిల్లల్ని మోసింది." కాసేపు రోడ్డు వైపు చూశాడు. "రెండో బస్సులో ఇంకోటి ఉంది. తెస్తాను. కానీ ఈసారి ఆ డబ్బా నువ్వే పెడతావు. వాళ్ళెవరూ చెయ్యి పెట్టడానికి వీల్లేదు."

నేనే పెట్టాను. వీపు కింద చక్రాల పలక, గుండె మీద యాభై పౌన్ల ఇనుము, ముంజేతుల దాకా నూనె. ఎర్విన్ పైనుంచి తిడుతూనే ఉన్నాడు. నార్బర్ట్ జాకీ పట్టుకున్నాడు. ఎత్తమంటే ఎత్తాడు, ఆపమంటే ఆపాడు. ఆ వారం మా ఇంట్లో ఆ రెండు మాటలే నడిచాయి. సందు నా అరచేతికే మూసుకుంది.

*

కోత ఇరవయ్యో తారీఖున మొదలైంది. లారీ నడిచింది. గోదాము ముందున్న ఎత్తు మీద, నిండు బరువుతో, వరసలో పది అడుగులు జరుగుతూ ఆగుతూ, ఒక్కసారి కూడా వెనక్కి జారలేదు. ఆగినప్పుడల్లా నా ఎడమ తొడ దానంతటదే లేచేది, లేని పెడల్ కోసం. కుక్కని కసిరినట్టు దాన్ని కసిరేదాన్ని.

మూడో రోజు మధ్యాహ్నం, ఉత్తరం చేను చివర. పడమట మబ్బు కడుతోంది, అడుగు నల్లగా, తల తెల్లగా. వడగళ్ళ మబ్బు. నలభై ఎకరాల పంట ఇంకా నిలబడి ఉంది. నేను లారీని చేని గట్టున పెట్టి ఎదురుచూస్తున్నాను. నార్బర్ట్ అవతలి చివర దుమ్ములో తిరుగుతున్నాడు. లారీలో మాట్లాడుకునే రేడియో గరగరలాడుతోంది. చుట్టుపక్కల పొలాల వాళ్ళందరిదీ ఒకటే చానలు. ఒకడు డీజిల్ అడుగుతున్నాడు. ఇంకొకడు గోదాము వరస ఎంతుందంటున్నాడు. లైనస్ ఎవరినో ఆట పట్టిస్తున్నాడు.

మధ్యలో నార్బర్ట్ గొంతు.

"ఆల్వీనా."

మైకు తీశాను. "నిండిందా? రానా?"

"లేదు." దుమ్ము, గరగర. "ఫిబ్రవరిలో నువ్వు చెయ్యి ఎత్తలేదు."

చుట్టూ పది మైళ్ళలో ఎన్ని క్యాబిన్లలో ఎంతమంది చేతులు మైకుల మీద ఆగిపోయాయో.

"నేను రోడ్డు చూస్తున్నాను," అన్నాడు. "క్లచ్ వదిలేశాను. అంతే జరిగింది."

నాలుగు నెలలు ఆ మాట కోసం ఎదురుచూసిన దాన్ని. అది వస్తే నాలో ఏదో కరుగుతుందని, ఏడుస్తానని అనుకునేదాన్ని. వచ్చింది. కోపం ఇంకా పెరిగింది. అరచేతుల్లోకి వచ్చేసింది. ఊరందరి ముందు అబద్ధం చెప్పాడు కాబట్టి ఊరందరి ముందు నిజం చెప్పాడు, అప్పు తీర్చినట్టు. కానీ ఆస్పత్రి కిటికీ దగ్గర నాకు వీపు చూపించిన మనిషి ఇప్పుడూ అర మైలు అవతల దుమ్ములోనే ఉన్నాడు. నన్ను చూడకుండానే.

"వాళ్ళకి చెప్పావు," అన్నాను మైకులో. "నాకు చెప్పు."

"చెప్పాను కదా, ఇప్పుడేగా..."

"దిగి వచ్చి చెప్పు."

"మబ్బు చూశావా ఆల్వీనా? ఇంకో గంట కూడా..."

"చూశాను."

మైకు కొక్కేనికి తగిలించేశాను. కుడికాలు బ్రేకు మీద, గేరు ముందుకే వేసి ఉంది. కాలు తీస్తే చాలు, లారీ దానంతటదే గోదాము వైపు బయలుదేరుతుంది, సగం తొట్టితో. తీయాలనే ఉంది.

కోత మిషను వరస చివరిదాకా వచ్చింది. తిరగాల్సిన చోట తిరగలేదు. మొదట కంకుల్ని లోపలికి లాగే ముందు చక్రం తిరగడం ఆగింది. తర్వాత ఇంజను. ముప్పై ఏళ్ళలో, మబ్బు పట్టిన చేలో, ఆ చప్పుడు ఆగగా నేను వినలేదు. ఉన్నట్టుండి గోధుమ కంకుల మీద గాలి వినిపించింది.

అతను నిచ్చెన దిగాడు. టోపీ తీసి తొడకేసి కొట్టుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. కోసిన మోళ్ళ మీదుగా నడవడం మొదలుపెట్టాడు. ఒకసారి పడమటి వైపు చూశాడు. ఆగలేదు.

నేను కిటికీ అద్దం కిందికి దించాను. తలుపు మాత్రం తీయలేదు.